రెండో చెప్పు ధర

మా పక్కింటి వీరయ్య బాబాయి తాను విమానం ఎక్కబోతున్నట్టు ఫిబ్రవరిలోనే వీధి మొత్తానికీ చెప్పేశాడు. డబ్బులు పెట్టి ఎక్కడం కాదు, ఊరికే ఎక్కడం. డబ్బులు పెట్టి ఎవరైనా ఎక్కుతారని, అందులో గొప్పేమీ లేదని ఆయన అభిప్రాయం.

నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో గుమస్తా ఆయన. ఆటో ఎక్కే ముందు కూడా ఆ దూరం నడవగలమా లేదా అని ఒక నిమిషం ఆలోచించే మనిషి. అలాంటి ఆయనకి విమానం మీదికి మనసు పోవడానికి కారణం ఆయన షడ్డకుడు బ్రహ్మం, అంటే యశోద పిన్ని చెల్లెలు వనజ భర్త. హైదరాబాదులో ఉంటాడు. పోయిన ఏడాది ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర, "నేను విమానానికి డబ్బులు కట్టి ఏడేళ్ళయింది అన్నయ్యా. అంతా కార్డు పాయింట్లే" అన్నాడట. ఆ మాట విన్నాక బాబాయికి బూరెలు సహించలేదు. నాలుగే తిని లేచాడు.

నెల తిరక్కుండా ఆయన చేతిలో క్రెడిట్ కార్డు ఉంది. మార్చి ముప్పై ఒకటి లోపల నాలుగు లక్షలు ఆ కార్డు మీద ఖర్చుపెడితే రెండు విమానం టికెట్లు ఉచితం.

"నాలుగు లక్షలు ఏందయ్యా మనకి ఖర్చు?" అంది యశోద పిన్ని. "ఏడాదికి నువ్వు కొనేది రెండు చొక్కాలు. అందులో ఒకటి మిల్లు వాళ్ళిస్తారు."

"మన ఖర్చెందుకే. ఊళ్ళో వాళ్ళు ఖర్చుపెట్టరా? వాళ్ళ బిల్లులు మన కార్డు మీద గీకుదాం. వాళ్ళు మనకి నోట్లిస్తారు, మనం బ్యాంకులో కడతాం. పాయింట్లు మనకి మిగులుతయి."

"అంటే వాళ్ళ కూర మన గరిటెతో తిప్పుతానంటావు."

"గరిటెకి అంటుకునేది ఉంటది కదే."

అది మొదలు వీధిలో ఎవరింట్లో ఏం కొన్నా బాబాయి అక్కడ ఉండేవాడు. ఫ్రిజ్ కొంటే ఉన్నాడు. బోరు మోటారు కాలిపోతే మోటారు కంటే ముందు షాపులో ఆయనే ఉన్నాడు. ఎదురింటి తిరుపతయ్య తాతకి హెర్నియా ఆపరేషన్ అయితే నాలుగు రోజులూ ఆసుపత్రిలోనే తిరిగాడు. తాత కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, సొంత కొడుకు కూడా ఇంత చూడలేదని. డిశ్చార్జి చేస్తామని డాక్టరు అంటే మాత్రం బాబాయి ఒప్పుకోలేదు. "ఇంకో రెండు రోజులు ఉంచండి సార్, పెద్దాయన. తొందరేముంది" అన్నాడు. ఆ రెండు రోజులకి ఎంత పడుతుందో కౌంటర్‌లో కనుక్కున్నాకే అన్నాడట.

ఇలా గీకి గీకి మార్చి నెలాఖరుకి మూడు లక్షల యాభై ఎనిమిది వేలకి వచ్చి ఆగాడు. ఇంక నలభై రెండు వేలు కావాలి. చేతిలో మూడు రోజులున్నాయి. వీధిలో ఎవరికీ ఏ జబ్బూ లేదు, ఏ మోటారూ కాలలేదు. బాబాయి సాయంత్రాలు అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళని, వాళ్ళ ఆరోగ్యాన్ని దిగులుగా చూసేవాడు.

అలాంటప్పుడు హజ్రా బీ వచ్చింది.

హజ్రా బీ మా వీధి చివరింటి ఆవిడ. ఆవిడ కొడుకు షఫీక్ ఆటో నడుపుతాడు. షఫీక్ కూతురు అబిదా, నేనూ ఒక బడిలో చదువుకున్నాం. అబిదాకి పెళ్ళి కుదిరింది. పెళ్ళి బట్టలు కొనాలి. బట్టలు కొనాలంటే యశోద పిన్ని రావాలి.

ఇక్కడ పిన్ని సంగతి చెప్పాలి. మా వైపు పెళ్ళి బట్టలకి వెళ్ళేటప్పుడు బేరం చెయ్యగలిగిన మనిషిని ఒకరిని వెంట తీసుకుపోవడం ఉంది. మా వీధికి, పక్క రెండు వీధులకి ఆ మనిషి యశోద పిన్ని. ఇరవై రెండేళ్ళలో ఏ షాపులోనూ వాళ్ళు చెప్పిన ధరకి ఆవిడ కొనలేదు. ఆవిడ గొంతు పెంచదు, బట్టలకి వంకలు పెట్టదు. ధర విని, "సరే, ఉంటాం అన్నా" అని పరుపు మీద నుంచి లేస్తుంది. గుమ్మం దాకా నడిచి ఒక చెప్పులో కాలు పెడుతుంది. షాపాయన కొంత దిగుతాడు. ఆవిడ విననట్టు రెండో చెప్పులో కాలు పెడుతుంది. అప్పుడు వెనక నుంచి వినబడేదే అసలు ధర. బజార్లో దాన్ని రెండో చెప్పు ధర అంటారు. రెండు చెప్పులూ వేసుకుని ఆవిడ మెట్టు దిగడం ఎవరూ చూడలేదు. వేరే పెళ్ళిళ్ళ వాళ్ళు కూడా ధర తేలకపోతే, "యశోదమ్మకి ఎంతకిచ్చావో అంతకివ్వు" అంటారు.

"యశోదమ్మా, రేపు జానీ షాపుకి పోదాం," అంది హజ్రా బీ. "ముప్పై ఆరు వేలు ఉన్నయి మా దగ్గర. అంతలో అయిపోవాలి బేటా."

"అయిద్ది," అంది పిన్ని.

పక్కన బాబాయి ముఖం వెలిగి, అంతలోనే ఆరిపోయింది. ముప్పై ఆరు అంటే ఆరు వేలు తక్కువ.

ఆ తర్వాత ఆయన చేసిన పని జానీ భాయే మాకు చెప్పాడు. ఆ సాయంత్రమే బాబాయి షాపుకి వెళ్ళాడు.

"జానీ, రేపు మా ఆవిడ వస్తది. నువ్వు మొదట ఎంత చెప్తావో దాని మీద గట్టిగా నిలబడు. దిగమాక."

జానీ భాయి ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. "నీ ఒంట్లో బాగుందా వీరయ్యా?"

"పూర్తిగా విను. బిల్లు పెద్దదిగా రాయి, కార్డు మీద నేను గీకుతా. హజ్రా బీ ఎక్కడన్నా సర్దుకుని నాకు ఆ మొత్తం ఇస్తది. ఎక్కువ తీసుకున్నది నువ్వు తర్వాత నాకిచ్చెయ్. నేను పొరపాటున లెక్క తప్పిందని చెప్పి ఆమెకిచ్చేస్తా. ఎవురికీ రూపాయి నష్టం లేదు."

"మరి నాకేం లాభం?"

బాబాయి దీనికి సిద్ధమయ్యే వెళ్ళాడు. "ఇరవై రెండేళ్ళుగా మా ఆవిడ చేతిలో ఓడిపోతన్నావు. ఒక్కసారి గెలువు."

జానీ భాయి గ్లాసులో మిగిలిన మంచినీళ్ళు తనే తాగేశాడట. తర్వాత, "కార్డు మిషన్ ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాలే" అన్నాడట.

మర్నాడు పదకొండింటికి షాపులో కూర్చున్నాం. హజ్రా బీ, అబిదా, పిన్ని, నేను. బాబాయి గుమ్మం పక్కన కుర్చీలో, కార్డు ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకుని. రెండు గంటల్లో చీరలు, డ్రెస్సులు, పెళ్ళికొడుకు వాళ్ళకి పెట్టాల్సిన బట్టలు అన్నీ ఒక గుట్టగా చేరాయి. జానీ భాయి కాలిక్యులేటర్ నొక్కి, "నలభై నాలుగు" అన్నాడు.

"సరే, ఉంటాం జానీ భాయ్," అంది పిన్ని. లేచింది. నడిచింది. ఒక చెప్పు వేసుకుంది.

జానీ భాయి ఫ్యాను వైపు చూస్తున్నాడు.

పిన్ని రెండో చెప్పులో కాలు పెట్టింది. మామూలు కంటే కొంచెం నెమ్మదిగా పెట్టింది. వెనక నుంచి ఏ మాటా రాలేదు. షాపులో పనిచేసే ఇద్దరమ్మాయిలు బట్టలు మడవడం ఆపి చూస్తున్నారు. పక్క పరుపు మీద బేరం చేస్తున్న రొంపిచర్ల వాళ్ళు కూడా తిరిగి చూశారు.

యశోద పిన్ని రెండు చెప్పులూ వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తర్వాత ఏం చెయ్యాలో ఆవిడకి తెలియదు. ఎప్పుడూ అంతదాకా రాలేదు. కొంగు సర్దుకుంది. మెట్టు వైపు చూసింది. ఆవిడ ముఖం అంత చిన్నదైపోవడం నేను అంతకుముందు చూడలేదు.

హజ్రా బీ అబిదా చెవిలో, "డబ్బులు చాలవు కదే" అంది. అది పిన్నికి కూడా వినబడింది.

"జానీ భాయ్," అంది పిన్ని, "ఎంత?"

"నలభై నాలుగమ్మా." ఆ మాట అనే ముందు జానీ భాయి కళ్ళు ఒక్కసారి బాబాయి కుర్చీ దాకా వెళ్ళి వచ్చాయి.

"పోదాం రా హజ్రా బీ. ఇదొక్కటే షాపా?" అంది పిన్ని.

బాబాయి కుర్చీలోంచి అదాటున లేచాడు. పక్క షాపుకి పోతే అంతా పోయినట్టే. "పోనిలే యశోదా, పెళ్ళి బట్టలు. నాలుగు డబ్బులు ఎక్కువైతే ఏమైంది. నలభై నాలుగుకే తీసుకుందాం."

పిన్ని కదలకుండా నిలబడింది. పాతికేళ్ళ కాపురంలో ఆ మనిషి నోటి నుంచి డబ్బు గురించి 'పోనిలే' అనే మాట రావడం అదే మొదలు. ఆవిడ బాబాయిని చూసింది. జానీ భాయిని చూసింది. బాబాయి జేబు మీద ఉన్న చేతిని చూసింది. నెమ్మదిగా చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చుంది.

"అట్నే కానియ్. ఎండగా ఉంది, అందరికీ చెరుకురసం పట్రాపో. ఐసు లేకుండా పిండించు, దగ్గరుండి."

బాబాయి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా పిన్ని గుమ్మం వైపే చూసింది.

"జానీ భాయ్, ఇప్పుడు నా ముఖం చూసి చెప్పు. ఆయన ముఖం లేదిక్కడ."

జానీ భాయి కాలిక్యులేటర్‌ని అటూ ఇటూ తిప్పాడు. నుదురు తుడుచుకున్నాడు.

"నేను వద్దనే అన్నానమ్మా," అన్నాడు. తర్వాత మొత్తం చెప్పాడు. గెలవడం గురించి కూడా చెప్పాడు. "ఫ్యాను వైపు చూస్తా కూర్చోటం ఎంత కష్టమో నీకు తెలవదు యశోదమ్మా. రాత్రి అన్నం కూడా తినబుద్ధి కాలేదు."

హజ్రా బీ నవ్వాలో కోప్పడాలో తెలియక ముక్కు మీద వేలేసుకుంది. పిన్ని మాత్రం నవ్వలేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళింది. ఒక చెప్పు వేసుకుంది.

"నలభై," అన్నాడు జానీ భాయి.

రెండో చెప్పు.

"ముప్పై ఆరు. రామ్మా, లోపలికి రా, నన్ను చంపమాక."

పిన్ని వచ్చి కూర్చుంది. ముఖం మామూలుగా అయింది. "బిల్లు మాత్రం నలభై నాలుగే రాయి. ఆయన గీకుతాడు. మిగతా ఎనిమిది వేలు నాకిచ్చెయ్. హజ్రా బీ, నువ్వు ఆయనకి ముప్పై ఆరే ఇయ్యి, రేపు వచ్చి ఇయ్యి. అమ్మాయ్, నువ్వు మాట్లాడమాక."

నేను ఎలాగూ మాట్లాడను. అందుకే నన్ను అందరూ వెంట తీసుకుపోతారు.

బాబాయి చెరుకురసంతో వచ్చాడు. జానీ భాయి మిషన్ ముందుకి జరిపాడు. బాబాయి కార్డు గీకి, నాలుగంకెలు నొక్కి, బయటికి వచ్చిన కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. తీర్థం తీసుకున్నట్టు తీసుకున్నాడు. దారిలో పిన్నిని ఓదార్చాడు కూడా. "బాధపడమాక యశోదా. రోజులన్నీ ఒకరివే కావు. జానీ కూడా మనిషే కదా."

"నిజమేలే," అంది పిన్ని.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోనుకి మెసేజి వచ్చింది. రెండు టికెట్లు. దాన్ని ఆయన వీధిలో పన్నెండు మందికి చూపించాడు. అందులో ముగ్గురికి చదువు రాదు, వాళ్ళకి చదివి వినిపించాడు. తర్వాత బ్రహ్మానికి ఫోను చేశాడు. "ఏముంది బ్రహ్మం, ఆదివారం మీ వదినా నేనూ వస్తన్నాం. విమానంలోనే. డబ్బులా? డబ్బులెందుకయ్యా, పాయింట్లున్నయిగా." ఫోను పెట్టేసి చాలాసేపు ఆకాశం వైపు చూశాడు.

పదింటికి హజ్రా బీ వచ్చి డబ్బులిచ్చింది. బాబాయి లెక్కపెట్టి, "ముప్పై ఆరే ఉన్నయి?" అన్నాడు.

"అంతే కదా బేటా ధర."

బాబాయి ఏదో అనబోయి, ఏమంటే ఏం బయటపడుతుందో అని ఆగిపోయాడు. తిన్నగా జానీ షాపుకి వెళ్ళాడు. పావుగంటలో తిరిగి వచ్చాడు. వెళ్ళినప్పటి నడక కాదు.

పిన్ని వసారాలో గోంగూర వలుస్తోంది. నేను అక్కడే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. టికెట్లు బుక్ చెయ్యమని బాబాయే నన్ను పొద్దున పిలిచాడు.

"జానీ ఎనిమిది వేలు నీకిచ్చాడంట," అన్నాడు.

"ఇచ్చాడు."

"అవి నావి."

"నీయి ఎట్టా అయినయి? నలభై నాలుగుని ముప్పై ఆరు చేసింది నేను. అవి నా నోటి మీద వచ్చిన డబ్బులు." కాడ తెంపి పక్కన వేసింది. "ఆ గుమ్మంలో రెండు చెప్పులేసుకొని నిలబడ్డా నేను. పదిమంది చూశారు. ఇంకొక్క నిమిషం జానీ నోరు తెరవకపోతే రేపట్నించి నన్ను బజారుకి పిలిచేదెవురు? నాకు చదువా, ఉద్యోగమా? ఉన్నది ఆ ఒక్క పేరే. విమానం కోసం దాన్ని అమ్మబోయావు."

బాబాయి ఆవిడ ఎదురుగా చతికిలబడ్డాడు. గోంగూర కట్ట ఒకటి తీసుకుని వలవడం మొదలుపెట్టాడు. ఆకులు పారేసి కాడలు పళ్ళెంలో వేస్తున్నాడు. పిన్ని పళ్ళెం పక్కకి జరిపింది.

"నిన్ను విమానం ఎక్కిద్దామనే కదే చేసింది," అన్నాడు చివరికి.

"ఎక్కుతాలే. అమ్మాయ్, పేర్లు కొట్టు. ఒకటి నాది. రెండోది హజ్రా బీది."

నా వేళ్ళు ఆగిపోయాయి. బాబాయి చేతిలో గోంగూర కూడా ఆగిపోయింది.

"రెండోది నాది కదే?"

"నీదెట్టా అయిద్ది? బట్టలు కొన్నది ఆమె. బేరం చేసింది నేను. నువ్వు గీకావు. గీకినోళ్ళకి కూలి ఇస్తారు, టికెట్ ఇయ్యరు." పిన్ని కొంచెం ఆలోచించింది. "కూలి కావాలంటే ఇస్తా. రెండొందలు."

"కార్డు నాది."

"కార్డు నీదే. ఇంట్లోనే ఉంచుకో."

హజ్రా బీకి హైదరాబాదులో చెల్లెలుంది, పెళ్ళి పిలుపుకి వెళ్ళాలి. అది పిన్ని ముందే మాట్లాడి ఉంచింది. టికెట్ ఉచితమేగానీ దాని మీద పన్నులు, ఎయిర్‌పోర్టు ఛార్జీలు కట్టాలని తెర మీద వచ్చింది. పిన్ని ఎనిమిది వేలలోంచి నోట్లు లెక్కపెట్టి నాకిచ్చింది. అప్పుడు లాప్‌టాప్ ఓటీపీ అడిగింది. అది వచ్చేది బాబాయి ఫోనుకి.

"చదువయ్యా," అంది పిన్ని.

"నేను చదవను."

"అయితే బ్రహ్మానికి ఫోన్ చేసి ఈ టికెట్లు ఎట్టా వచ్చినయ్యో మొదటి నించి చెప్తా."

బాబాయి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆరంకెలూ ఒక్కొక్కటే చదివాడు. రెండోసారి కూడా చదవాల్సి వచ్చింది, మొదటిసారి ఆయన గొంతు నాకు సరిగా వినబడలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. కానీ ఆదివారం వస్తున్నామని బ్రహ్మానికి చెప్పేసి ఉన్నాడు కదా. రెండు రోజులు ఆలోచించి ఇంకో ఉపాయం పన్నాడు. ఆదివారం పొద్దున తను బస్సులో బయల్దేరతాడు. పిన్ని విమానం దిగి సాయంత్రం దాకా హజ్రా బీ చెల్లెలింట్లో ఉంటుంది. ఆయన హైదరాబాదు చేరాక ఇద్దరూ కలిసి, పొద్దున విమానం దిగి ఊళ్ళో పని చూసుకుని వచ్చినట్టు బ్రహ్మం ఇంటికి వెళతారు. ఎయిర్‌పోర్టుకి రావద్దని, తామే వస్తామని బ్రహ్మానికి మరీ మరీ చెప్పాడు.

"నాకేం, ఉంటా," అంది పిన్ని. "అడిగితే అబద్ధం మాత్రం చెప్పను."

ఆదివారం షఫీక్ ఆటోలో పిన్నీ, హజ్రా బీ చీకటి విచ్చకముందే గన్నవరం ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయారు. నాకు పిడుగురాళ్ళలో పని ఉండి పొద్దున హైదరాబాదు బస్సు ఎక్కితే, కిటికీ పక్కన బాబాయి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త బ్యాగు. నన్ను చూసి ముఖం పక్కకి తిప్పాడు, మళ్ళీ తనే జరిగి చోటిచ్చాడు. బస్సు నిండిపోయింది. మిరపకాయ బస్తాలు, మా వైపు టిక్కీలంటారు, అవి కూడా మధ్యలో నిలబెట్టారు.

పిడుగురాళ్ళలో బస్సు ఆగుతుండగా ఆయన ఫోను మోగింది. బ్రహ్మం. ఆ గోలలో వినబడదేమోనని బాబాయి స్పీకర్ పెట్టాడు.

"అన్నయ్యా, ఎక్కడున్నారు?"

"విమానంలోనే బ్రహ్మం. ఇప్పుడే దిగుతన్నాం."

"పిడుగురాళ్ళ వాళ్ళు ముందుకి జరగండి," అని అరిచాడు కండక్టరు. "టిక్కీలు ఎవురియ్యి, దింపుకోండి."

బాబాయి ఫోనుని అరచేత్తో మూసి నా వైపు కోపంగా చూశాడు, అరిచింది నేనే అయినట్టు. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"రద్దీగా ఉన్నట్టుంది అన్నయ్యా విమానం?"

"చానా రద్దీ. నిలబడి వచ్చినోళ్ళు కూడా ఉన్నారు."

"అట్టనా. వద్దన్నా మనసొప్పక ఎయిర్‌పోర్టుకి వచ్చా అన్నయ్యా. వదిన నా ఎదురుగానే ఉంది. నువ్వెక్కడని అడిగితే నిన్నే అడగమంది. ఇదిగో, మాట్లాడు."

ఫోను చేతులు మారిన చప్పుడు వినబడింది. బాబాయి తల దించుకున్నాడు. దిగాల్సిన నేను కూడా దిగకుండా నిలబడిపోయాను.

"ఏమయ్యా," అంది యశోద పిన్ని, "కూర్చోటానికన్నా సీటు దొరికిందా?"

బాబాయి ఒకసారి కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ సున్నం లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోతోంది.

"దొరికిందిలే," అన్నాడు చిన్న గొంతుతో. "కిటికీ పక్కనే."